సుకుబా వలయంలో 2020 మలుపు

ఎలక్ట్రాన్లనూ, వాటి ప్రతికణాలైన పాజిట్రాన్లనూ వలయాల్లో తిప్పి ఢీకొట్టించే యంత్రం, జపాన్‌లోని సుకుబాలో ఉన్న సూపర్‌కెఇకెబి, లక్ష్యానికి ఎందుకింత దూరంగా ఉందన్న చర్చ మళ్లీ మొదలైంది. 2024 డిసెంబరులో అది చదరపు సెంటీమీటరుకు సెకనుకు 5.1×10³⁴ ల్యూమినాసిటీతో (తాకిళ్లు ఎంత జోరుగా జరుగుతాయో చెప్పే కొలత) ప్రపంచ రికార్డు సాధించింది. తొలి డిజైనులో రాసుకున్నది 8×10³⁵. అందులో పదిహేనో వంతైనా ఇంకా చేతికి రాలేదు. పాజిట్రాన్ పుంజం ఉన్నట్టుండి చెదిరిపోవడమే కారణమని చాలామంది అంటున్నారు. ఆ ఇబ్బంది నిజమే. కానీ దానికంటే ముందు తీసుకున్న ఒక నిర్ణయాన్ని చూడాలి.

రెండు పుంజాల్లోని కణగుచ్ఛాలు ఎదురుపడినప్పుడు వాటిలో నిజంగా ఢీకొనే కణాలు అతి స్వల్పం. మిగిలినవన్నీ ఎదుటి గుచ్ఛపు విద్యుదయస్కాంత క్షేత్రంలోంచి ఒక తోపు తిని బయటపడతాయి. నడిమధ్య కణాలకు ఆ తోపు కటకంలా క్రమంగా ఉంటుంది, అంచు కణాలకు ఆ క్రమం తప్పుతుంది. 3 కిలోమీటర్ల వలయంలో సెకనుకు దాదాపు లక్ష సార్లు ఇదే జరుగుతుంది. ప్రవాహం, అంటే వలయంలో తిరిగే కణాల సంఖ్య, పెంచినకొద్దీ పుంజం నిలువుగా ఉబ్బుతుంది, పెంచిన ప్రయోజనం అక్కడే ఆవిరవుతుంది.

దీనికి విరుగుడును యాక్సిలరేటర్ శాస్త్రవేత్త పంతలేయో రైమొండి 2006లో ప్రతిపాదించారు. పుంజాలను బాగా సన్నగా చేసి, పెద్ద కోణంలో దాటించి, సెక్స్‌టపోల్ (ఆరు ధ్రువాల) అయస్కాంతాలతో ఒక్కో పుంజపు సన్నని నడుమును ఎదుటి పుంజపు దారి వెంట అమర్చడం. దీని పేరు క్రాబ్ వెయిస్ట్. ఇటలీలోని ఫ్రాస్కాటిలో డాఫ్నే యంత్రం అది పనిచేస్తుందని చూపించింది. సుకుబా డిజైనర్లు మాత్రం సన్నని పుంజాలనూ 83 మిల్లీరేడియన్ల కోణాన్నీ తీసుకుని, క్రాబ్ వెయిస్ట్‌ను వదిలేశారు. చివరి కేంద్రీకరణ అయస్కాంతాల వంకరలతో అది కలిస్తే కణాలు నిలకడగా తిరిగే మేర కుంచించుకుపోతుందని వారి భయం.

2019లో ప్రవాహాలు ఇంకా తక్కువగా ఉండగానే పుంజాలు ఉబ్బడం మొదలైంది. అప్పుడు శాస్త్రవేత్త కట్సునోబు ఓయిడె, యూరప్‌లో తలపెట్టిన ఎఫ్‌సిసి-ఇఇ అనే భావి యంత్రం కోసం రూపొందించిన క్రాబ్ వెయిస్ట్ పద్ధతి అక్కరకొచ్చింది. కొత్త అయస్కాంతం ఒక్కటీ అవసరం లేదు, ఉన్న సెక్స్‌టపోల్‌ల బలాలు మారిస్తే చాలు. 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో రెండు వలయాల్లోనూ అమలు చేశారు. జూన్‌కల్లా 2.22×10³⁴తో రికార్డు వచ్చింది, అదీ దీనికి ముందు అక్కడే నడిచిన పాత యంత్రం కెఇకెబి కన్నా ఎంతో తక్కువ ప్రవాహాలతో.

ఈ తాకిళ్లను నమోదు చేసే ప్రయోగం బెల్ 2; ఐఐటీ హైదరాబాద్ బృందం సహా దాని శాస్త్రవేత్తలందరికీ దత్తాంశాలు వచ్చేది వీటి నుంచే. మొదట వద్దన్నవారి భయం వట్టిది కాదు: 2022 రికార్డు నాటికీ క్రాబ్ వెయిస్ట్ బలం పాజిట్రాన్ వలయంలో 80 శాతం, ఎలక్ట్రాన్ వలయంలో 40 శాతమే. అయినా, తొలి డిజైనులోనే దానికి చోటిచ్చి, చివరి అయస్కాంతాలను దానికి తగినట్టు మలిచి ఉంటే ఆ అంకెలు ఇంత తక్కువగా ఉండేవి కావని నా నమ్మకం.