తలుపులు మూసిన జపాన్‌లోకి ఒక డచ్ పుస్తకం

1771 వసంతంలో ఒక ఉదయం కొందరు వైద్యులు ఎడో నగరం (ఇప్పటి టోక్యో) శివార్లలోని కొజుకప్పరకు వెళ్లారు. మరణశిక్షలు అమలు చేసే చోటు అది. శిక్ష పడిన ఒక స్త్రీ శవాన్ని ఆ రోజు కోసి చూపిస్తారని వాళ్లకు కబురు అందింది. వాళ్లలో సుగితా గెన్‌పాకు, మాయెనో ర్యోతాకు అనే ఇద్దరు ఒకే పుస్తకం వెంట తెచ్చుకున్నారు. ఒకరి దగ్గర ఉందని రెండోవారికి అప్పటిదాకా తెలియదు. జర్మన్ వైద్యుడు కుల్ముస్ రాసిన శరీర నిర్మాణ గ్రంథానికి అది డచ్ అనువాదం. సుగితాకు అందులో ఒక్క వాక్యమూ చదవడం రాదు. బొమ్మలు నచ్చి దాన్ని సంపాదించుకున్నాడు.

శవాన్ని కోసింది వైద్యుడు కాదు. అంటరానివాళ్లుగా చూసిన వర్గానికి చెందిన తొంభై ఏళ్ల ముసలాయన. గుండె, కాలేయం ఒక్కొక్కటే బయటికి తీసి చూపించాడు. పేర్లే లేని కొన్ని భాగాల్ని కూడా చూపించి, తాను కోసిన ప్రతి శవంలోనూ ఇవి ఇక్కడే ఉంటాయని చెప్పాడు. ఎన్నో శవాల్ని చూసి నేర్చుకున్న శాస్త్రం అది. అయినా ఆయన పేరు ఎవరూ రాసిపెట్టలేదు. సుగితా జ్ఞాపకాల్లో ఆయన తొరామాత్సు అనే ఒకతని తాతగానే మిగిలాడు. ఈ కథ చదివినప్పుడల్లా నాకు బాధ కలిగేది ఇక్కడే.

ఊపిరితిత్తులకు ఆరు తమ్మెలు (విడివిడి భాగాలు), రెండు చెవులు ఉంటాయనీ, కాలేయానికి ఎడమవైపు మూడు, కుడివైపు నాలుగు తమ్మెలు ఉంటాయనీ ఆ వైద్యులు చైనా గ్రంథాల్లో చదువుకున్నారు. కళ్లెదుట ఉన్న శరీరంలో అవేవీ లేవు. డచ్ పుస్తకంలోని బొమ్మలు మాత్రం అచ్చు ఆ శరీరంలాగే ఉన్నాయి.

పైకి చూస్తే ఆ పుస్తకం ఆ దేశంలో ఉండకూడదనిపిస్తుంది. 1543లో తానెగషిమా దీవికి తుపాకులతో వచ్చిన పోర్చుగీసు వాళ్లను, అంటే మన పాత పుస్తకాల్లోని బుడతకీచులను, జపాన్ మొదట ఆసక్తిగానే చూసింది. వాళ్ల వెనకే మత ప్రచారకులు వచ్చారు. తమ ప్రజల విధేయత ఎక్కడో ఉన్న పోపు వైపు మళ్లుతుందని పాలకులు భయపడ్డారు. 1614లో క్రైస్తవాన్ని దేశమంతటా నిషేధించారు. జపానీయులు విదేశాలకు వెళ్లకూడదని, వెళ్లి తిరిగొస్తే మరణశిక్షేనని 1635లో ఆజ్ఞ వేశారు. 1637లో షిమాబారాలో రైతులు తిరగబడ్డారు. వాళ్లలో చాలామంది క్రైస్తవులు కావడంతో, ఆ తిరుగుబాటును అణిచాక 1639లో పోర్చుగీసు వాళ్లను పూర్తిగా వెళ్లగొట్టారు. మరుసటి ఏడు చైనా తీరంలోని పోర్చుగీసు స్థావరం మకావు నుంచి రాయబారానికి వచ్చినవాళ్లలో 61 మంది తలలు నరికారు.

మతం జోలికి పోకుండా సరుకు అమ్ముకునే డచ్ వాళ్లను మాత్రం ఉండనిచ్చారు. 1641లో వాళ్లను నాగసాకి రేవులోని దెజిమాకు మార్చారు. సముద్రాన్ని పూడ్చి, విసనకర్ర ఆకారంలో కట్టిన దీవి అది. విస్తీర్ణం నాలుగెకరాలు కూడా ఉండదు. ఊరికీ దీవికీ మధ్య ఒక చిన్న వంతెన, దానికి కాపలా. ప్రపంచంలో ఏం జరుగుతోందో డచ్ వాళ్లు ఏటా ప్రభుత్వానికి నివేదిక ఇవ్వాలి. చైనా వర్తకులు కూడా నాగసాకికి వచ్చేవాళ్లు. కొరియాతో వ్యవహారం త్సుషిమా దీవి మీదుగా నడిచేది. ఆ కాలానికి మనం వాడే ‘సకోకు’, అంటే ‘మూసిన దేశం’, అనే మాట కూడా 1801లో ఒక ఐరోపా పుస్తకాన్ని అనువదిస్తూ షిజుకి తదావో పుట్టించిందే. దేశానికి తలుపు వేశామని అంతకుముందు పాలకులెవరూ ప్రకటించలేదు. ఎవరు రావాలి, ఏం తేవాలి అన్నది మాత్రం తమ చేతిలో పెట్టుకున్నారు. 1720లో షోగన్ (దేశాన్ని ఏలే సైనిక పాలకుడు) యోషిమునె, క్రైస్తవంతో సంబంధం లేని పాశ్చాత్య విద్యల పుస్తకాల మీద ఆంక్షలు సడలించాడు.

మచిలీపట్నంలో వలందపాలెం ఉంది. హాలండు వాళ్ల పేరు మీద వచ్చిన పేరు అది. దెజిమాలో ఉన్న డచ్ ఈస్టిండియా కంపెనీకే బందరులోనూ కొఠీ ఉండేది. కోరమాండల్ తీరపు అద్దకపు బట్టలు ఆ కంపెనీ ఓడల్లో జపాన్ చేరి ‘సరస’ అనే పేరుతో మోజుపడే సరుకయ్యాయి. జపాన్ రాగి ఈ తీరానికి వచ్చింది. ఆ ఓడల దారిలోనే పుస్తకాలూ వెళ్లాయి.

శవపరీక్ష చూసిన మర్నాడే వైద్యులు ర్యోతాకు ఇంట్లో అనువాదానికి కూర్చున్నారు. సరైన నిఘంటువు లేదు. ర్యోతాకు నాగసాకిలో నేర్చుకుని వచ్చిన కాసిని మాటలే ఆధారం. ‘కనుబొమ్మ అంటే కంటి పైన మొలిచే వెంట్రుకలు’ అన్నపాటి వాక్యానికి కూడా ఒక పొడవాటి వసంతకాలపు పగలంతా పట్టిందని సుగితా ముసలితనంలో గుర్తు చేసుకున్నాడు. అలా మూడేళ్లకు పైగా కష్టపడి 1774లో ఆ అనువాదాన్ని ‘కైతాయ్ షిన్‌షో’ పేరుతో అచ్చు వేశారు. నరానికి తమ వైద్యంలో సరిపోయే మాట దొరకక ‘షిన్‌కెయ్’ అనే కొత్త మాట కల్పించారు.

చైనా రాజధానిలో ఇంతకన్నా ముందే, ఇంతకన్నా దగ్గరగా ఐరోపా పండితులు ఉన్నారు. 1601 నుంచీ బీజింగ్‌లో జెసూట్లు అనే క్రైస్తవ మతగురువులు పంచాంగాలు గణించారు, పటాలు గీశారు. కాంగ్షీ చక్రవర్తి కోరిక మీద పారెనిన్ అనే జెసూట్ ఐరోపా శరీర శాస్త్రాన్ని మంచూ భాషలోకి తెచ్చాడు. అది అందరి చేతుల్లో పడకూడదని చక్రవర్తి దాన్ని అచ్చు వేయనివ్వలేదు. రాతప్రతులు రాజభవనాల్లోనే ఉండిపోయాయి. జెసూట్లు ఆస్థానంలోనే కూర్చున్నారు కాబట్టి చైనాను మూసిన దేశం అనడం నాకు సరిగ్గా అనిపించదు. కాకపోతే అక్కడ పుస్తకం చక్రవర్తి చేతిలో ఆగిపోయింది. జపాన్‌లో మామూలు వైద్యుల చేతికి చేరింది.

సుగితా బృందం ‘షిన్‌కెయ్’ని చైనా లిపిలోనే రాసింది. తర్వాతి కాలంలో ఆ మాట సముద్రం దాటింది. ఇవాళ చైనా డాక్టర్లు కూడా నరాన్ని అవే రెండు అక్షరాలతో ‘షెన్‌జింగ్’ అంటారు.