చెరువు మీది పచ్చ తెట్టు: ఒక పాత విషం కథ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎండలు ముదిరాక, ఊరి చెరువులో తెల్లారేసరికి చేపలు చచ్చి తేలితే ముందుగా వినిపించేది ‘ఎవరో మందు కలిపేశారు’ అన్న మాటే. చెరువు వేలంపాట పాడుకున్నవారికీ పాట దక్కనివారికీ మధ్య తగవు అక్కడే రాజుకుంటుంది. గాలివాటుకు గట్టు వారన పేరుకున్న పచ్చ తెట్టును అనుమానించేవారు అరుదు.

ఆ తెట్టు మీద ఫిర్యాదు మాత్రం చాలా పాతది. దక్షిణ ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రినా సరస్సులో పచ్చని ఆయిల్ పెయింటులా పరుచుకున్న తెట్టును తాగి పశువులు, గొర్రెలు చనిపోయాయని జార్జ్ ఫ్రాన్సిస్ 1878లోనే ‘నేచర్’ అనే సైన్స్ పత్రికలో రాశారు. చూపుకు నాచే అయినా ఇలాంటి తెట్టు కట్టేవి సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు. వీటిలో మన చెరువుల్లో బాగా కనిపించే మైక్రోసిస్టిస్, కణంలోని గాలి బుడగల సాయంతో వెలుతురు కోసం పైకి తేలుతుంది. అది తయారుచేసే మైక్రోసిస్టిన్ అనే విషం 7 అమైనో ఆమ్లాల వలయం. మామూలు ప్రోటీన్లలా కణంలోని ప్రోటీన్ల తయారీ కేంద్రాలైన రైబోజోముల మీద కాక, ప్రత్యేకమైన ఎంజైముల వరుస దాన్ని ముక్క ముక్కగా అతుకుతుంది. ఆ ఎంజైములకు మూలమైన జన్యువుల సమూహం 2000లో వెల్లడైంది. ఆ జన్యువులు లేని రకాలు విషం చేయలేవు, కానీ మైక్రోస్కోపులో రెండూ ఒకేలా ఉంటాయి కనుక రంగు చూసి తీర్పు చెప్పడం కుదరదు.

ఈ విషం కాలేయ కణాల్లో చేరి, ప్రోటీన్ ఫాస్ఫటేజులనే ఎంజైములను స్తంభింపజేయడంతో కణాల ఆకృతి చెదిరి కాలేయం దెబ్బతింటుంది. చేపల మొప్పలకూ హాని తప్పదు. చేప పిల్లలకు మేతైన జంతుప్లవకాలు, అంటే నీటిలో తేలాడే డాఫ్నియా లాంటి నలుసంత ప్రాణులూ తగ్గిపోతాయి. అయితే ప్రతి చావునూ విషం ఖాతాలో వేయలేం. రాత్రివేళ ఈ తెట్టే ప్రాణవాయువును పీల్చేస్తుంది కాబట్టి, తెల్లవారుజామున బొచ్చె, శీలావతి పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే ముందుగా చూడవలసింది ఆ కొరతనే.

తెట్టు కనిపించగానే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) చల్లడం ఇంకా ప్రమాదకరం. విషం చాలావరకు కణం లోపలే ఉంటుంది. కణాలు ఒక్కసారిగా పగిలితే అదంతా నీటిలో కలుస్తుంది. 1979లో ఆస్ట్రేలియాలోని పామ్ ఐలాండ్‌లో తాగునీటి జలాశయంలో సయనోబాక్టీరియా పెరిగితే మైలుతుత్తం వేశారు. కొద్ది రోజుల్లో 148 మంది జబ్బుపడ్డారు, వారిలో అత్యధికులు పిల్లలు. అక్కడి విషం సిలిండ్రోస్పెర్మాప్సిన్ అనే వేరే రకం. తాగునీటిలో మైక్రోసిస్టిన్-ఎల్‌ఆర్ అనే మైక్రోసిస్టిన్ రకం లీటరుకు 1 మైక్రోగ్రాము మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో తాత్కాలిక పరిమితి పెట్టింది. నీటిని కాచినంత మాత్రాన మైక్రోసిస్టిన్ నశించదు.

ఇక మన చెరువుల సంగతి. వేసవిలో చెరువు మట్టిని బండ్ల మీద పొలాలకు తోలుకునే అలవాటు ఉన్నంతకాలం ఈ తెట్టుకు మేతైన భాస్వరం ఏటా కొంత బయటికి పోయేది. డీఏపీ ఎరువు వచ్చాక ఆ మట్టి అక్కర తగ్గింది. పొలాల ఎరువూ, ఊరి మురుగూ మాత్రం చెరువులోకి వస్తూనే ఉన్నాయి. పూడిక మేట వేసి లోతు తగ్గిన చెరువు త్వరగా వేడెక్కుతుంది. పైగా అడుగున ప్రాణవాయువు లేనప్పుడు బురదలోని భాస్వరం తిరిగి నీటిలోకి వస్తుంది, అందుకే మురుగు ఆపిన తరువాత కూడా కొన్నేళ్లపాటు తెట్టు కట్టడం మానదు.