లీటరు నూనె, రెండున్నర కిలోల వాయువు

పర్లాకిమిడి నుంచి హైదరాబాద్ వెళ్లాలంటే పలాసలో రైలెక్కాలి, లేదంటే విశాఖ వెళ్లి విమానం ఎక్కాలి. మా మేనకోడలు ఈసారి విమానం టికెట్టు తీసుకుంది. తీసుకున్నాక, "మావయ్యా, నా ఒక్కదాని ప్రయాణానికి ఎంత కార్బన్ గాల్లో కలుస్తుందో చెప్పగలమా?" అంది. చెప్పగలం. కాయితం, పెన్ను ఉంటే చాలు.

విమానంలో పోసే ఇంధనం, మన ఇళ్లల్లో ఒకప్పుడు లాంతర్లకు పోసుకున్న కిరసనాయిలుకి దగ్గర చుట్టం. లీటరు సుమారు 800 గ్రాములు తూగుతుంది. అది కాలితే రెండున్నర కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. పిల్ల నమ్మలేదు. పోసినదానికి మూడింతలు ఎలా వస్తుంది? మంచి ప్రశ్న. ఆ బరువులో ఎక్కువ భాగం నూనెది కాదు, గాలిది. మండేటప్పుడు ఒక్కో కార్బన్ పరమాణువు రెండు ఆక్సిజన్ పరమాణువుల్ని పట్టుకుంటుంది. కార్బన్ బరువు 12, ఆ రెండు ఆక్సిజన్‌లది 32. 12 కాస్తా 44 అయి కూర్చుంటుంది. ఇంధనంలో కార్బన్ వంతు దాదాపు 86 శాతం కాబట్టి, కిలో ఇంధనానికి 3.16 కిలోల వాయువని అంతర్జాతీయంగా లెక్కిస్తారు.

విశాఖ నుంచి హైదరాబాద్‌కి ఆకాశంలో 500 కిలోమీటర్ల పైచిలుకు. 180 సీట్ల జెట్ విమానం ఆ దూరానికి రెండున్నర టన్నుల ఇంధనం తాగుతుందనుకుందాం. పైకి లేవడానికే బోలెడు ఖర్చవుతుంది కనుక దగ్గరి ప్రయాణాల్లో కిలోమీటరుకి పడే భారం ఎక్కువ. 2,500 కిలోలను 3.16తో గుణిస్తే 7,900 కిలోలు.

గుణకారం తేలికే, పేచీ అంతా భాగహారంలో. 180 మందికి పంచితే తలా 44 కిలోలు. 150 మందే ఎక్కితే 53. ఖాళీ సీటు కార్బన్‌ని మోయదు, కూర్చున్నవాళ్లే మోయాలి. అందుకే ఎక్కినవాళ్లతో భాగించడమే న్యాయమని నా అభిప్రాయం. మా లెక్కలో 50 వేసుకున్నాం.

ఇది కార్బన్ డయాక్సైడ్ ఒక్కదాని సంగతే. మహేంద్రగిరి వైపు ఆకాశంలో అప్పుడప్పుడు విమానం వెనక తెల్లటి చార కనిపిస్తుంది. అవి మంచు పలుకులు. భూమి నుంచి పైకి పోయే వేడిని అవి ఆపుతాయి, రాత్రిపూట మరీను. ఇలాంటివన్నీ కలిపితే విమానాలు పెంచే వేడి, ఒక్క కార్బన్ డయాక్సైడ్ వల్ల పెరిగేదానికి మూడింతల దాకా ఉంటుందని 2021లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. కానీ ఆ చారలు ఏ రోజు గాలిని బట్టి ఆ రోజు ఏర్పడతాయి. ఒక టికెట్టుకి ఇంతని కచ్చితంగా కట్టడం కష్టం.

నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది మాత్రం రోడ్డు. ఇక్కణ్ణుంచి విశాఖకి 150 కిలోమీటర్లకు పైనే. కారు మాట్లాడుకుంటే ఆమెను దింపి ఖాళీగా తిరిగొస్తుంది, అంటే 300. లీటరుకి 18 కిలోమీటర్లిచ్చే బండికి దాదాపు 17 లీటర్ల డీజిల్ కావాలి. లీటరుకి 2.7 కిలోల చొప్పున 45 కిలోలు. విమానంలో ఆమె వాటాకి ఇంచుమించు సమానం!

మేనకోడలు కాసేపు ఆ అంకె కేసి చూసింది. పాతపట్నంలో ఉండే ఇద్దరు స్నేహితురాళ్లూ అదే రోజు విశాఖ వెళ్తున్నారట. వాళ్లకి ఫోన్ చేసి మాట్లాడాక, కాయితం మీద 45 కొట్టేసి పక్కన 15 అని రాసింది.