ప్లాన్ పెంచినా వైఫై పాకుతోందా? నెట్‌వర్క్ పనివాడి అపోహలు - వాస్తవాలు

"ప్లాన్ పెంచాం సార్, అయినా అలాగే ఉంది." ఈ మాట వినని వారం ఉండదు నాకు. ఇళ్లల్లో నెట్‌వర్క్ సరిచేసే పనిలో ఉన్నవాళ్లని ఎవరిని అడిగినా ఇదే చెప్తారు. వంద ఎంబీపీఎస్ (సెకనుకి ఎన్ని మెగాబిట్లో చెప్పే వేగం కొలత) ప్లాను మూడొందలవుతుంది, మూడొందలది అయిదొందలవుతుంది, నెలనెలా బిల్లు పెరుగుతుంది. పడగ్గదిలో వీడియో మధ్యలో ఆ సున్నా మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఇక కంపెనీని తిట్టడం మొదలు. ఆ తిట్లలో ఒక్కోసారి న్యాయం ఉంటుంది, కాదనను. కానీ నేను వెళ్లి చూసే ఇళ్లలో చాలావాటిల్లో లోపం గోడకి అవతల ఉండదు, ఇవతలే ఉంటుంది.

అపోహ: నెట్ స్లోగా ఉందంటే ప్లాన్ చాలట్లేదని అర్థం.

నెట్ వేరు, వైఫై వేరు. బయటి నుంచి ఇంట్లోకి వచ్చే లైను నెట్. రౌటర్ నుంచి మీ ఫోన్ దాకా గాల్లో నడిచేది వైఫై. మీరు డబ్బు కట్టి పెంచుకునేది మొదటిది. ఏడిపించేది ఎక్కువసార్లు రెండోది. ఈ ఒక్క ముక్క బుర్రలో పడక జనం పోగొట్టుకునే డబ్బు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

లెక్క చూడండి. హెచ్‌డీ వీడియోకి 5 ఎంబీపీఎస్ ఉంటే నడిచిపోతుంది. వీడియో కాల్‌కి 3, 4 చాలు. ఇంట్లో నలుగురూ నాలుగు మూలల్లో నాలుగు తెరలు పెట్టుకు కూర్చున్నా 100 ప్లానులో సగం కూడా ఖర్చవదు. అలాంటి ఇంట్లో వీడియో కాల్ తెగిపోతోందంటే దానికి మందు 300 ప్లాన్ ఎలా అవుతుంది? పెద్ద పెద్ద ఫైళ్లు రోజూ దించుకునేవాళ్ల సంగతి వేరు, వాళ్లకి ప్లాన్ పెంచితే తేడా తెలుస్తుంది. అప్పుడు కూడా ఒకటి గుర్తుంచుకోండి: ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 12.5 మెగాబైట్లు. "వంద అన్నారు, పన్నెండే వస్తోంది, మోసం" అని నాతో గొడవ పడ్డవాళ్లున్నారు.

లోపం ఎక్కడుందో తేల్చుకోవడానికి ఏ యాప్ కన్నా ఒక ల్యాన్ వైరు మేలు. లాప్‌టాప్‌ని వైరుతో నేరుగా రౌటర్‌కి పెట్టండి. లాప్‌టాప్‌లో వైఫై ఆపేయండి. ఇది మర్చిపోతే మీరు కొలిచేది దేన్నో మీకే తెలీదు. ఇంట్లో మిగతావాళ్లని కాసేపు ఫోన్లు పక్కన పెట్టమనండి. అప్పుడు స్పీడ్ టెస్ట్ చేసి అంకె రాసుకోండి. వైరు పీకేసి, అదే లాప్‌టాప్‌తో రౌటర్ పక్కనే కూర్చుని వైఫై మీద ఇంకోసారి. చివరగా, ఇబ్బంది పెడుతున్న గదిలో ఇంకోసారి.

వైరు మీదే తక్కువొస్తే లైను సంగతి చూడాలి, కంపెనీకి ఫోన్ చేయండి. "వైరు మీద ఇంతే వస్తోంది" అని చెప్పండి, అవతలివాడి గొంతు మారుతుంది. "వైఫై స్లోగా ఉంది" అంటే మాత్రం రీస్టార్ట్ చేయండి అని చెప్పి పెట్టేస్తాడు. వైరు మీద బాగుండి, రౌటర్ పక్కన బాగుండి, గదిలో పడిపోతోందంటే మధ్యలో గోడలు, దూరం. వైరు మీద బాగుండి రౌటర్ పక్కనే పడిపోతోందంటే బ్యాండో (వైఫై నడిచే తరంగాల శ్రేణి), ఛానలో (ఆ శ్రేణిలో ఒక దారి), పాతబడిన రౌటరో, ఆ లాప్‌టాపో. ఇందులో దేనికీ ప్లాన్‌తో సంబంధం లేదు.

ఇక్కడ 94 సంగతి చెప్పాలి. ఇంటి నుంచే ఉద్యోగం చేసుకునే ఒకాయన పిలిచాడు. ప్లాన్ రెట్టింపు చేశాడు, కొత్త రౌటర్ కొన్నాడు, ఏం చేసినా టెస్టులో 94 దాటదు. నిన్నా 94, ఇవాళా 94. తెరమీద ఆ అంకె చూడగానే సగం పని అయిపోయిందనుకున్నాను. ల్యాన్ లింకు 100 ఎంబీపీఎస్ మీద నడుస్తుంటే, ప్యాకెట్ల (డేటా ముక్కల) మీద రాసే చిరునామాలూ అవీ, అంటే హెడర్లు పోను చేతికి మిగిలేది 94 దగ్గరే. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) రావాలంటే వైరులో ఎనిమిది తీగలూ కలవాలి. నాలుగే కలిస్తే రెండువైపుల పోర్టులూ రాజీపడి 100కి దిగిపోతాయి, ఎవరికీ ఏ ఫిర్యాదూ చెప్పవు. బయటి లైను దిగే బాక్సుకీ రౌటర్‌కీ మధ్య ఒక మూరెడు వైరు ఉంది. దాని కొస కనెక్టర్‌ని టార్చి వెలుగులో తిప్పి చూశాను. ప్లాస్టిక్ అద్దంలా ఉంటుంది కదా, లోపల గోధుమరంగు తీగ పిన్ను దాకా రాకుండా కాస్త ఇవతలే ఆగిపోయి ఉంది. కొస కత్తిరించి, కొత్త కనెక్టర్ కొట్టాను. టెస్టులో ప్లాన్‌కి తగ్గ అంకె వచ్చింది. ఆయన నవ్వలేదు. ఇన్నాళ్లూ కట్టిన బిల్లులు వేళ్లమీద లెక్కపెట్టుకుంటున్నాడు పాపం.

మీ ఇంట్లోనూ ఏం చేసినా 90 పైచిలుకు దగ్గర ఆగుతోందంటే ముందు ఆ పొట్టి వైరు మార్చి చూడండి. రౌటర్ పోర్టులే 100వైతే అది వేరే కథ, రౌటర్ మార్చాల్సిందే.

అపోహ: గీతలు నిండుగా ఉన్నాయి, సిగ్నల్ బ్రహ్మాండం.

గీతలు చెప్పేది ఒకటే, రౌటర్ మాట మీ ఫోన్‌కి ఎంత గట్టిగా వినిపిస్తోందో. మీ ఫోన్ మాట రౌటర్‌కి వినిపిస్తోందో లేదో చెప్పవు. ఫోన్ బ్యాటరీ మీద బతికేది, దాని గొంతు చిన్నది. అందుకే ఎక్కువ శక్తితో అరిచే రౌటర్ తెచ్చి పెట్టాక గీతలు పెరిగినా, పని అంతగా పెరగకపోవచ్చు.

ఇక గాల్లో ఎంత రద్దీ ఉందో గీతలు అసలే చెప్పవు. ఒక ఛానల్ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి. సభలో మైకు ఒక్కటే ఉన్నట్టు. దూరంగా మూలగదిలో ఉన్న పాత ఫోన్ నత్తలా మాట్లాడుతూ మైకు వదలదు, రౌటర్ పక్కనున్న కొత్త లాప్‌టాప్ దాని వంతు కోసం కూర్చుంటుంది. అదే ఛానల్ మీద పక్కింటి రౌటర్ ఉంటే వాళ్లదీ ఇదే వరస. పగలు బాగుండి సాయంత్రం అయ్యేసరికి ఈడ్చడానికి ఒక పెద్ద కారణం ఇదే. అందరూ ఇళ్లకి చేరతారు, అందరి రౌటర్లూ ఒకేసారి నోరు తెరుస్తాయి. ఆ వేళకి బయటి లైను మీదా రద్దీ పెరగొచ్చు. ఏదో తెలియాలంటే మళ్లీ ఆ ల్యాన్ వైరే.

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోగల ఛానళ్లు 1, 6, 11 మూడే. "ఆరులో రద్దీగా ఉంది, నేను తెలివిగా నాలుగులో పెట్టాను" అనేవాళ్లు ఉంటారు. నాలుగులో పెడితే ఒకటి వాళ్లతోనూ ఆరు వాళ్లతోనూ గొడవే. దానికి తోడు బ్లూటూత్ అక్కడే, మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.45 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలే. కాబట్టి దగ్గర్లో వాడే టీవీ, లాప్‌టాప్, ఫోన్లు అన్నిటినీ 5 గిగాహెర్ట్జ్‌కి మార్చేయండి. అక్కడ ఛానళ్లు ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ. అంటే మీ సిగ్నల్ దూరం పోదు నిజమే, పక్కింటిదీ మీ ఇంట్లోకి అంతగా రాదు. ఇది లోపం కాదు, లాభం.

గీతలు వదిలేసి డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత) చూపించే యాప్ ఒకటి పెట్టుకోండి. మైనస్ 67 దాకా వీడియో కాల్ హాయిగా నడుస్తుంది, మైనస్ 80 దగ్గరికి వెళ్తే దణ్ణం పెట్టేయొచ్చు. పది అంకెలు కిందికి దిగితే సిగ్నల్ పదోవంతుకి పడిపోయినట్టు. తలుపు వేసి చూడండి, తీసి చూడండి, మీకే అర్థమవుతుంది.

ఇక రౌటర్ పెట్టే చోటు. లైను ఎక్కడ దిగితే అక్కడే, ఇంటికి ఓ మూల, టీవీ వెనకాల, తలుపులున్న అరలో. ఎందుకండీ అంటే "చూడ్డానికి బాగోలేదు" అంటారు. పక్కనే నిలువుటద్దం, దాని వెనకనున్న లోహపు పూత సిగ్నల్‌ని వెనక్కి కొడుతుంది. చేపల తొట్టి ఉంటే నీళ్లు మింగేస్తాయి. ఇనప చువ్వలున్న కాంక్రీటు గోడ సంగతి చెప్పక్కర్లేదు. ఇంటి మధ్యకి, తలంత ఎత్తులో, నాలుగువైపులా ఖాళీగా ఉండేలా పెట్టండి. వైరు చాలకపోతే పొడుగు వైరు వేయించండి. యాంటెన్నాలు నిలువుగా ఉంచితే సిగ్నల్ అడ్డంగా పరుచుకుంటుంది, ఒకే అంతస్తు ఇంటికి అదే కావాలి. నేను చేసే మరమ్మతుల్లో సగం ఈ జరపడమే. దీనికి డబ్బులు తీసుకోవడానికి మొహమాటంగా ఉంటుంది, అయినా తీసుకుంటాను.

మిగతావి గబగబా

రిపీటర్ (సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే డబ్బా) పెడితే అయిపోతుందా? సిగ్నల్ రాని గదిలో రిపీటర్ పెడితే అది దేన్ని రిపీట్ చేయాలి? సగం దూరంలో పెట్టాలి. అప్పుడు కూడా ఒకే బ్యాండు మీద విని మళ్లీ చెప్పే రకమైతే స్పీడు దాదాపు సగమవుతుంది. కుదిరితే ఆ గదికి వైరు లాగి చివర ఒక యాక్సెస్ పాయింట్ (వైరు నుంచి వైఫై ఇచ్చే పెట్టె) పెట్టండి. మెష్ (ఇల్లంతా ఒకే వైఫై ఇచ్చే రెండు మూడు పెట్టెల జట్టు) కొన్నా, ఆ పెట్టెల మధ్య వైరు వేయగలిగితే దాని అందమే వేరు.

రౌటర్ డబ్బా మీద 1200 అని ఉందా? అది ఒక బ్యాండు 300, ఇంకో బ్యాండు 867 కలిపి గుండ్రం చేసిన లెక్క. మీ ఫోన్‌కి ఆ మొత్తం ఎప్పటికీ రాదు.

స్పీడ్ టెస్టులో అంతా బాగుండి కాల్ మాత్రం ముక్కలవుతోందా? అప్‌లోడ్ చూడండి. ఫోన్ ఫోటోలు బ్యాకప్ అవుతుంటాయి, కెమెరా రాత్రింబవళ్లు వీడియో పైకి పంపుతుంటుంది. అప్‌లోడ్ దారి నిండిపోతే కాల్ ప్యాకెట్లు వరసలో నిలబడిపోతాయి.

ఫోన్‌లో 5 గిగాహెర్ట్జ్ వైఫై పేరు ఉన్నట్టుండి మాయమై, కాసేపటికి తిరిగొస్తోందా? దయ్యమేం కాదు. ఆ బ్యాండులో కొన్ని ఛానళ్లు రాడార్లకి కూడా చెందినవి. రాడార్ ఆనవాలు తగిలితే రౌటర్ ఆ ఛానల్ వదిలిపోవాలి, అలాంటి ఇంకో ఛానల్‌కి వెళ్తే కనీసం నిమిషం విని గానీ నోరు తెరవకూడదు. 36 నుంచి 48 మధ్య ఛానల్ పెట్టుకుంటే ఈ గోల ఉండదు.

అపోహ: ఎవరో మన వైఫై దొంగతనంగా వాడేస్తున్నారు.

ఒక పెద్దావిడ దీనిగురించి నిద్రలేక పిలిపించారు. రౌటర్ యాప్‌లో ఎవరివో తెలియని పేర్లు, అంకెలు. "చూడు బాబూ, రోజుకో కొత్తవాడు వస్తున్నాడు" అన్నారు. ఆవిడ భయాన్ని కొట్టిపారేయలేం, ఆ జాబితా చూస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది. పక్కన కూర్చుని ఒక్కొక్క పేరే ఆపుతూ వెళ్లాం. ఒకటి ఆపితే టీవీ ఆగింది, ఒకటి ఆపితే బల్బు మొరాయించింది. వస్తువు పేరు బదులు లోపలి చిప్పు తయారుచేసిన కంపెనీ పేరు కనిపిస్తుంది, అదీ తిరకాసు. రోజుకో కొత్తవాడు ఎవరంటే ఆవిడ మనవడి ఫోనే. 2019, 2020 నుంచి వచ్చిన చాలా ఫోన్లు గోప్యత కోసం అసలు చిరునామా (నెట్‌వర్క్‌లో ఫోన్‌ని గుర్తించే అంకె) దాచి ఉత్తుత్తి చిరునామాతో వైఫైలో చేరతాయి. నెట్‌వర్క్‌ని మర్చిపోయి మళ్లీ కలిస్తే అది మారొచ్చు, మనవడేమో ఆటలు తెగినప్పుడల్లా అదే పని చేస్తున్నాడు. అనుమానం తీరకపోతే పాస్‌వర్డ్ మార్చేయండి, పొడుగ్గా పెట్టండి, రౌటర్ సెట్టింగుల్లో భద్రత పద్ధతి డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ ఉందో చూసుకోండి. వైఫై పేరు దాచేస్తే భద్రం అనుకోవడం మాత్రం వట్టిది. దాచిన పేరు కూడా ఫోన్ కలిసేటప్పుడు గాల్లో బయటపడుతుంది.

అపోహ: రౌటర్ రేడియేషన్‌తో క్యాన్సర్ వస్తుంది.

చంటిపిల్లలున్న ఇళ్లల్లో, కడుపుతో ఉన్నవాళ్లున్న ఇళ్లల్లో ఇది గొంతు తగ్గించి అడుగుతారు. వాళ్లమీద నాకు కోపం లేదు, ఫార్వర్డులు పంపేవాళ్లమీద ఉంది. వైఫై తరంగాలు అణువుల్ని విడగొట్టే రకం కావు, ఎక్స్‌రేలతో పోల్చడానికే లేదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో చాలా దేశాల్లో అనుమతించే శక్తి ఒక వాటులో పదోవంతు. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగోవంతుకి పడుతుంది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం రేడియో తరంగాలని 2బి వర్గంలో (క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చు అనే వర్గం) పెట్టిన మాట నిజమే. ప్రధానంగా చెవికి ఆనించుకునే ఫోన్ల అధ్యయనాల మీద, ఆధారాలు పరిమితమని చెప్తూనే పెట్టింది. కలబంద ఆకు మొత్తంగా తీసిన రసం కూడా అదే వర్గంలో ఉంది.

రేడియేషన్ ఆపుతుందని ఒక జాలీ డబ్బా కొని రౌటర్‌ని అందులో కూర్చోబెట్టినవాళ్లు ఉన్నారు. సిగ్నల్ రావట్లేదని తర్వాత రిపీటర్ కూడా కొన్నారు. ఆ డబ్బా నిజంగా పనిచేస్తే వైఫై పోతుంది, వైఫై వస్తోందంటే డబ్బా పనిచేయనట్టే. రెండూ కావాలంటే నా వల్ల కాదు.

రాత్రిళ్లు రౌటర్ ఆపితే మీకు మనశ్శాంతిగా ఉంటుందా, ఆపుకోండి. దానికేం కాదు. కెమెరా, ల్యాండ్‌లైన్ దానిమీదే నడుస్తుంటే అవీ ఆగుతాయి, అది చూసుకోండి. పొద్దున స్విచ్ వేశాక రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టండి, అది లేచి లైను కలుపుకోవాలి. ఈలోపే "నెట్ పోయింది" అని నాకు ఫోన్ చేయకండి.