నిమిషానికా, ప్యాకెట్టుకా?

బటన్ల ఫోన్లు వాడినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మధ్య బటన్ పొరపాటున నొక్కుకుపోయేది, తెర మీద భూగోళం బొమ్మ గిర్రున తిరిగేది, గుండె గుభేలుమనేది. ఎర్ర బటన్ టకటకా నాలుగుసార్లు నొక్కినా లాభం లేదు, బ్యాలెన్స్‌లో ఐదు రూపాయలు కట్. అందులో ఏముందో చూడకముందే నెట్ అంటే భయం పట్టుకుంది నాకు. ఫోన్‌లో ఇంటర్నెట్ మొదట్లో కొన్నిచోట్ల పాకి, కొన్నిచోట్ల చతికిలబడటానికి వేగం కన్నా ఈ భయమే ఎక్కువ కారణమని నా లెక్క.

1999లో ఐరోపాలో నోకియా 7110 వచ్చింది. ఫోన్ చిన్న తెర మీద నెట్ పేజీలు చూపించే వ్యాప్ (WAP) పద్ధతి వాడిన తొలి ఫోన్లలో అదొకటి. తెర అడ్డంగా 96 చుక్కలు, నిలువుగా 65. వేగం మామూలుగా సెకనుకు 9,600 బిట్లు. అదే ఏడాది ఫిబ్రవరి 22న జపాన్‌లో ఎన్‌టీటీ డొకోమో అనే ఫోన్ కంపెనీ ఐ-మోడ్ పేరుతో తన సొంత మొబైల్ నెట్ మొదలుపెట్టింది. దాని వేగమూ 9,600 బిట్లే! ఏడాదిన్నర తిరిగేసరికి ఐ-మోడ్‌లో కోటి మంది చేరారు. వ్యాప్‌కేమో 'వెయిట్ అండ్ పే' అని పేరు పడింది.

తేడా అంతా మీటరులో ఉంది. తొలినాళ్ళ వ్యాప్ మామూలు ఫోన్ కాల్‌లాగే నడిచేది. డయల్ చేయాలి, లైను కలిసేదాకా ఆగాలి. కలిశాక మీరు చదువుతున్నా, తల గోక్కుంటున్నా ఆ లైను మీదే కాబట్టి నిమిషాలు పడుతూనే ఉంటాయి. షాపు బయట టాక్సీని నిలబెట్టి, వెయిటింగ్ చార్జీ తలుచుకుంటూ చీర బేరమాడినట్టు. ఐ-మోడ్ పార్శిల్ ఆఫీసు పద్ధతి. సమాచారాన్ని 128 బైట్ల ప్యాకెట్లుగా కట్టి, ప్యాకెట్టుకు 0.3 యెన్ తీసుకునేది. పైన నెలకు 300 యెన్లు. 250 జపనీస్ అక్షరాల మెయిల్ అంటే 500 బైట్లు, నాలుగు ప్యాకెట్లు, యెన్‌కు కాస్త పైన. ఆ మెయిల్‌ను పది నిమిషాలు చదువుకున్నా అంతే.

ఎమోజీల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఐ-మోడ్ కోసం డొకోమో ఉద్యోగి షిగెతాకా కురిత 12 చుక్కల వెడల్పు, 12 చుక్కల ఎత్తులో 176 బొమ్మలు గీయించారు. ఒక్కోదానికీ ఒక అక్షరం కోడ్ ఇచ్చారు. దాంతో గుండె బొమ్మ పంపినా రెండు బైట్లే, ఒక జపనీస్ అక్షరం ఖరీదే. బొమ్మగానే పంపాల్సి వస్తే ఎంతమంది పంపేవారో!

సైట్లు కట్టేవాళ్ళకూ మేలైన బేరమే. వ్యాప్‌కైతే డబ్ల్యూఎంఎల్ అనే కొత్త భాష నేర్చుకోవాలి. ఐ-మోడ్ వాడింది వెబ్ పేజీలు రాసే మామూలు హెచ్‌టీఎంఎల్ భాషనే, అందులోంచి టేబుళ్ళు, ఫ్రేముల్లాంటివి తీసేసి. నాలుగు బటన్లతో పేజీ అంతా తిరిగిరావచ్చు. వినియోగదారు చెల్లించే చందాను డొకోమో ఫోన్ బిల్లులోనే వసూలు చేసి, తన వాటాగా 9 శాతమే ఉంచుకునేది. రోజుకో కార్టూన్ బొమ్మ పంపి నెలకు 100 యెన్లు తీసుకునే బాందాయ్ లాంటి కంపెనీలు అలాగే నిలదొక్కుకున్నాయి. యాప్ స్టోర్లు 30 శాతం తీసుకోవడం తర్వాతి కాలపు ముచ్చట.

అయితే 2002లో ఇదే ఐ-మోడ్ ఐరోపాకు వెళ్తే అంతగా అంటుకోలేదు. జపాన్‌లో ఫోన్ ఎలా ఉండాలో డొకోమో చెబితే తయారీదార్లు చేసిచ్చేవారు. ఐరోపాలో నోకియాకు అలా చెప్పగలిగేవారెవరు?

డొకోమో పేరు మన ఊళ్ళకు చేరింది 2009లో, టాటాతో కలిసి. అప్పుడూ నోళ్ళలో నానింది మీటరు మాటే: కాల్‌కు సెకనుకు పైసా. అంతకుముందు చాలా ప్లాన్లలో 61 సెకన్లు మాట్లాడితే రెండు నిమిషాలు పడేది. 58 దగ్గర 'సరే పెట్టేస్తున్నా' అని మాట మధ్యలోనే కట్ చేసేవాళ్ళం.