ఎన్ని తూర్లు చెప్పినా ఓసీడీ ఎందుకు తగ్గదు?

ఎండాకాలం అనంతపురంలో బిందె నీళ్లకు కూడా లెక్క ఉంటుంది. అట్లాంటి ఇంట్లో ఒకరు కొళాయి కింద చేతులు పెట్టి అదేపనిగా కడుగుతుంటే గొడవ రాకుండా ఎట్లుంటుంది? "ఇంగ చాలు మ్మే, ఎన్ని తూర్లు కడుగుతావు?" అని అమ్మ అరుస్తుంది. చేతులు శుభ్రంగానే ఉన్నాయని కూతురికీ తెలుసు. తెలిసీ మళ్లీ సబ్బు అందుకుంటుంది. ఇది ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్), అంటే అక్కర్లేదని తెలిసినా ఒకే ఆలోచన, ఒకే పని వదలకుండా పట్టుకునే మానసిక జబ్బు. ఇంట్లోవాళ్లు చాదస్తమంటారు, మొండితనమంటారు, తాయెత్తు కట్టిస్తారు. చెప్తే ఎందుకు వినదని ఆరా తీస్తూ పోతే, దారి ఓ మతిమరుపు రోగి దగ్గరికి తీసుకుపోతుంది.

1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛ తగ్గడానికని మెదడులో రెండు వైపులా, కొత్త జ్ఞాపకాలు నిలవడానికి అవసరమైన హిప్పోక్యాంపస్ భాగాన్ని తీసేశారు. ఆ తర్వాత జరిగిందేదీ ఆయనకు గుర్తుండేది కాదు. బ్రెండా మిల్నర్ అనే సైకాలజిస్టు ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించారు. రోజురోజుకూ చెయ్యి తిరిగింది, నిన్న గీసిన సంగతి మాత్రం గుర్తే లేదు. 1967లో ఆర్థర్ రెబర్ ఇట్లా తెలియకుండానే నేర్చుకోవడానికి ఇంప్లిసిట్ లెర్నింగ్ అని పేరు పెట్టాడు. 1987లో నిస్సెన్, బుల్లెమర్ దాన్ని కొలిచే పద్ధతి తెచ్చారు. తెరమీద నాలుగు చోట్లలో ఎక్కడ గుర్తు వెలిగితే దానికింది మీట నొక్కాలి. గుర్తులు ఒక వరుసలో తిరిగి తిరిగి వస్తుంటాయి. వరుస ఉందన్న సంగతి పసిగట్టనివాళ్లకు కూడా వేళ్ల వేగం పెరుగుతుంది. వరుస చెరిపేస్తే తగ్గిపోతుంది.

ఈ పనికి మెదడు లోపలుండే స్ట్రయేటమ్ అనే భాగం ముఖ్యం. 1980ల చివర్లో ఓసీడీ రోగులకు పెట్ స్కాన్లు (మెదడులో ఏ భాగం ఎంత చురుగ్గా ఉందో చూపేవి) తీస్తే, ఆ స్ట్రయేటమ్‌లో భాగమైన కాడేట్‌లో కూడా చురుకు ఎక్కువగా కనపడింది. దాంతో రెండు పరిశోధనలూ ఒకచోట కలిశాయి.

1997లో స్కాట్ రౌష్ బృందం ఓసీడీ ఉన్నవాళ్లకు ఆ మీటల పరీక్ష పెట్టి స్కాన్ తీసింది. వాళ్లూ బాగానే నేర్చుకున్నారు. కానీ మామూలువాళ్లలో స్ట్రయేటమ్ పనిచేసిన చోట, వీళ్లలో జ్ఞాపకానికి సంబంధించిన టెంపొరల్ భాగం పనిచేసింది. అంటే చేతికి వదిలేయాల్సిన పనికి మనసు కాపలా కాస్తోందేమో! 2002లో డెకర్స్‌బాక్ బృందం దీన్ని తెలివిగా పరీక్షించింది. మీటలు నొక్కుతుండగానే ఇంకో జ్ఞాపకపు పని కూడా అప్పజెప్పారు. ఆ కాపలా మనసుకు తీరిక లేకపోయేసరికి ఓసీడీ ఉన్నవాళ్ల నేర్పు తగ్గిపోయింది, మిగతావాళ్లకు తగ్గలేదు. మనం గ్యాస్ కట్టేసి వచ్చేస్తాం, కట్టామా అని తలుచుకోం. ఓసీడీ ఉన్న మనిషి నాబ్‌ను కళ్లారా చూసి, వేలితో తడిమి, గడప దాటి, మళ్లీ వెనక్కొస్తుంది. ఆ మీటల పరీక్షనూ ఈ గ్యాస్ సంగతినీ కలపడం నా ఊహే, పరీక్షలు అంతదూరం చెప్పలేదు.

పైగా ఆ పరీక్షలన్నీ కొద్దిమంది మీద చేసినవే, తర్వాతి ఫలితాలన్నీ ఒకే మాట చెప్పలేదు. 2011లో క్లేర్ గిలన్ బృందం ఇంకో సంగతి బయటపెట్టింది: ఫలితం లేదని తెలిసినా ఓసీడీ ఉన్నవాళ్లు అలవాటైన పనినే చేస్తూపోయారు. నేర్వడం కష్టమైనవాళ్లకు అలవాటు అంత గట్టిగా పట్టుకుంటుందా? కొలిచింది వేర్వేరు సంగతులను కాబట్టి రెంటికీ ఇప్పుడే ముడిపెట్టడం తొందరపాటే.

చికిత్స మాత్రం ఈ పరిశోధనల కోసం ఆగలేదు. 1966లోనే లండన్‌లో విక్టర్ మేయర్, రోగులను భయపడే వస్తువు ముట్టనిచ్చి, చేతులు కడగనీయకుండా ఆపి చూశారు. మెల్లగా కడగాలన్న ఆత్రం తగ్గింది. ఇప్పుడు ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్) అంటున్నది దీన్నే. 1992లో లూయిస్ బాక్స్‌టర్ బృందం చూస్తే, మందుతో బాగుపడినవాళ్లలోనూ, ఇట్లాంటి అభ్యాసంతో బాగుపడినవాళ్లలోనూ కాడేట్ చురుకు తగ్గింది.

మన జిల్లాల్లో మాత్రలు రాసే సైకియాట్రిస్టు ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో దొరుకుతారు. మాత్ర పనిచేస్తోందో లేదో తేలడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది, రెండో వారానికే మానేస్తే లాభం లేదు. ఈఆర్‌పీ దగ్గరుండి చేయించేవాళ్లే అరుదు. అందుకే చాలామంది 200 కిలోమీటర్ల పైచిలుకు బస్సులో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు పోతారు. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఎవరిని కలవాలో తెలుగులోనే చెప్తారు. డాక్టరు దగ్గరికి ఇంట్లోవాళ్లూ పోవడం మంచిది. "నేను చూసినా లేమ్మా, గ్యాస్ కట్టేసే ఉంది" అని పదేపదే ధైర్యం చెప్పడం జబ్బును ఎట్లా పెంచుతుందో వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.