చెవి సంగతి కన్ను చెబుతుంది

విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకు వెళ్లి, రోజుల తరబడి సముద్రం మీద గడిపి వచ్చినవారికి ఒడ్డెక్కాక కూడా కాసేపు నేల ఊగుతున్నట్టే ఉంటుంది. అది సహజమే. పడవ ఎక్కనివారికి, మంచం మీద పక్కకు ఒత్తిగిలగానే గది గిర్రున తిరిగితే మాత్రం లోపలి చెవిని అనుమానించాలి. మనవాళ్లు బీపీ చూపించుకుంటారు, మెడకు ఎక్స్‌రే తీయించుకుంటారు. చెవి వంతు ఆఖరున వస్తుంది.

లోపలి చెవిలో ఒక్కో వైపు మూడేసి అర్ధవృత్తాకార నాళాలుంటాయి. ఎముకలో దాగిన వాటిని తొంగిచూడలేం. కానీ తల కదిలినప్పుడు చూపు చెదరకుండా కాపాడేది వాటి సంకేతాలే. అందుకే పరీక్ష చెవికైనా డాక్టరు చూసేది కళ్లను.

వియన్నా వైద్యుడు రాబర్ట్ బరానీ రోగుల చెవులు నీటితో కడిగేవాడు. నీళ్లు చల్లగా ఉంటే వారి కనుగుడ్లు ఒకవైపు, వేడిగా ఉంటే రెండోవైపు కొట్టుకోవడం గమనించాడు. అలా పుట్టిందే కెలోరిక్ పరీక్ష. 1914 నోబెల్ ఆయనకు దక్కిందన్న కబురు అందేనాటికి ఆయన రష్యాలో యుద్ధఖైదీ!

ఈ పరీక్షలో తల కాస్త ఎత్తుగా పెట్టి పడుకోబెడతారు. ఒక్కో చెవిలోకి 30, 44 డిగ్రీల నీళ్లు విడివిడిగా పోస్తారు. నాళంలోని ద్రవం వేడెక్కి పైకి, చల్లబడి కిందికి కదులుతుందని బరానీ వివరణ. 1983లో స్పేస్‌ల్యాబ్ అనే అంతరిక్ష ప్రయోగశాలలో, భారరహిత స్థితిలో చేసినా కళ్లు కదిలాయి. అంటే ఆ వివరణ ఒక్కటే చాలదన్నమాట. ఏ చెవికి ఆ చెవిని విడిగా పరీక్షించగలగడం దీని గొప్పతనం. చూపు దేనిమీదా నిలవకుండా చీకటి కళ్లద్దాలు పెడతారు, మెలకువగా ఉండేందుకు ఏదో ఒకటి చెప్పిస్తారు. ఇక్కడైతే గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా బస్టాపులు చెప్పమన్నా చాలు. తల తిరుగుతుంది, నిజమే. అసలు తిరగకపోతేనే ఆ చెవి బలహీనమైందేమోనని అనుమానం.

ఒత్తిగిలినప్పుడు మాత్రమే వచ్చే తిప్పుకు ఇంత హంగామా అక్కర్లేదు. అది చాలావరకు లోపలి చెవిలో చోటు తప్పిన కాల్షియం కార్బనేట్ స్ఫటికాల పని. తల 45 డిగ్రీలు తిప్పి గబుక్కున వెనక్కి పడుకోబెట్టే డిక్స్-హాల్‌పైక్ పరీక్షకు మంచం ఒక్కటి చాలు.

గంటల తరబడి ఆగకుండా తల తిరుగుతుంటే మరో పరీక్ష ఉంది. డాక్టరు తన ముక్కు వైపే చూడమని చెప్పి, రోగి తలను చటుక్కున కొద్దిగా పక్కకు తిప్పుతారు. చెవి దెబ్బతింటే చూపు తలతోపాటు జారి, వెంటనే వెనక్కి గెంతుతుంది. అలాంటి రోగిలో చూపు చెదరకుండా నిలిచిందంటే మాత్రం డాక్టరుకు కంగారు ఎక్కువవుతుంది. చెవి బాగున్నట్టయితే తప్పు మెదడులో ఉండవచ్చు, పక్షవాతమే కావచ్చు. అప్పుడు పంపవలసింది ఇంటికి కాదు, అత్యవసర విభాగానికి.